బండి ఖరాబైతే ఎవరు చూస్తరు?

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

పోయిన వారం మా అన్న ఫోన్ చేసిండు. పత్తి పైసలు వచ్చినయి, బండి కొనాలె, ఎలక్ట్రిక్‌ది తీసుకోవాల్నా పెట్రోల్‌ది తీసుకోవాల్నా అని అడిగిండు. "పట్నంల సదువుకుంటున్నవు కదా, నువ్వే చెప్పు" అన్నడు. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. నా ఒక్క మాట మీద ఇంటి ఏడాది కష్టం పోతది. భయమైంది.

ముందు ఎలక్ట్రిక్‌దే చెబుదామనుకున్న. పెట్రోల్ ఖర్చు లేదు. 2024 నవంబర్ నుంచి మన రాష్ట్రంలో వాటికి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు కూడా తీసేసిన్రు. మరి మా తండాలో ఎవరూ ఎందుకు కొంటలేరు? "మీవాళ్ళకు కొత్తదంటే భయం" అని క్లాసులో ఒకతను నవ్విండు.

భయం కాదు. మా తండాలో ఒకాయన అందరికన్నా ముందే కొన్నడు. అది ఆగిపోయిన నాడు దాన్ని ముట్టుకునే మెకానిక్ మండలంలోనే లేడు. ట్రాలీ ఆటోలో వేసి పంపితే నలభై రోజులకు తిరిగొచ్చింది. కిస్తీ మాత్రం ఒక్క నెల ఆగలేదు. అది కళ్ళతో చూసినంక ఇంకెవరు కొంటరు?

ఇది తండా ముచ్చటే కాదు. ఓలా ఎలక్ట్రిక్ మీద ఒక్క ఏడాదిలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు 10 వేలకు పైగా ఫిర్యాదులు పోయినయి. 2024 అక్టోబర్‌లో కేంద్రం నోటీసు ఇచ్చింది. ఎలక్ట్రిక్ స్కూటర్లలో అందరికన్నా ముందున్న ఆ కంపెనీని 2025లో టీవీఎస్, బజాజ్ దాటిపోయినయి. ఈ రెండింటికీ ఎన్నో ఏండ్ల నుంచి ఊరూరా డీలర్లు, మెకానిక్‌లు ఉన్నరు. తేడా అక్కడే అని నా అభిప్రాయం.

ఉప్పుగూడలో మా హాస్టల్ సందు చివర ఒక మెకానిక్ చాచా ఉన్నడు. ఆయన్ని అడిగితే పుష్పక్ స్కూటర్ గురించి చెప్పిండు. మన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ తయారుచేసిన బండి అది. అయినా జనం బజాజ్ చేతక్ బుక్ చేసుకుని ఏండ్లకేండ్లు ఎదురుచూసిన్రట. "చేతక్‌కు ఏ ఊర్లనైనా సామాను దొరికేది బేటా. బండిని చూడకు, పానా పట్టేటోణ్ణి చూసుకో" అన్నడు. ఇప్పుడు ఆల్విన్ అంటే మియాపూర్ దిక్కు ఒక చౌరస్తా పేరు, అంతే.

కంపెనీలు టీవీల్లో స్పీడ్ చూపిస్తయి, పెద్ద స్క్రీన్ చూపిస్తయి. మాకు బండి అంటే షోకు కాదు. ఎరువు బస్తా మోసేది అదే, రాత్రి యాడికి జ్వరమొస్తే దవాఖానకు తీసుకపోయేది అదే. "ఖరాబైతే ఎవరు చూస్తరు?" అన్న ప్రశ్నకు జవాబు లేని కంపెనీ ధర ఎంత తగ్గించినా మా దగ్గర బేరం కాదు. మన దగ్గర ఐటీఐ చదివి ఖాళీగా ఉన్న పిల్లలు ఎందరో ఉన్నరు. వాళ్ళకు పని నేర్పి, మండలానికో షెడ్డు పెట్టమనండి. బండ్లు వాటంతటవే అమ్ముడుపోతయి.

అన్నకు పెట్రోల్ బండే తీసుకోమన్న. పొగ బండి కొనమని చెప్పినందుకు నాకూ బాధగానే ఉంది. మీ ఏజెన్సీ దిక్కు ఎలక్ట్రిక్ బండి బాగుచేసేటోళ్ళు ఉన్నరా? ఉంటే కామెంట్‌లో చెప్పండి. అన్న ఇంకా పైసలు కట్టలేదు.