సీసా వెనక చదవండి

వేసవి మొదలైతే చాలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో ఇక్కడ అమెరికాలో పార్కులు కళకళలాడతాయి. వాళ్ల పెట్టెల్లో దోమల కోసం వేపనూనో, నిమ్మగడ్డి నూనో ఉండనే ఉంటుంది. సాయంత్రమయ్యేసరికి వేపాకు పొగ వేసిన చేతులవి. ఆ అనుభవాన్ని తీసిపారేయకూడదు. కానీ ఇక్కడి గడ్డిలో దోమ ఒక్కటే లేదు. గసగసాల గింజంత పిడుదు పిల్ల మోకాలి వెనక మడతలో పట్టుకున్నా చాలామందికి నొప్పి తెలియదు. 1970ల్లో కనెక్టికట్‌లోని లైమ్ పరిసరాల్లో పిల్లల కీళ్లవాపులతో బయటపడిన జబ్బు ఆ కాటుతోనే వస్తుంది.

దోమలను, పిడుదులను దూరంగా ఉంచడానికి మొక్కల నుంచి వచ్చే మందుల్లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ (సీడీసీ) సిఫారసు చేసేవాటిలో ముఖ్యమైనది నిమ్మవాసన నీలగిరి నూనె. ఇది ఆకుల నుంచి దించిన మామూలు సుగంధ తైలం కాదు, పీఎండీ అనే పదార్థం పాళ్లు పెంచి తయారుచేసినది. పేర్లు దగ్గరగా ఉండటంతో కొట్టులో చాలామంది పొరబడేది ఇక్కడే. మూడేళ్లలోపు పిల్లలకు మాత్రం నిమ్మవాసన నీలగిరి నూనె వద్దు. 2020లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) నూట్‌కటోన్‌నూ నమోదు చేసింది; అలాస్కా పసుపు దేవదారులో, గ్రేప్‌ఫ్రూట్ తొక్కలో ఉండే పదార్థమది. సిట్రొనెల్లా వంటి కొన్ని నూనెలను ‘తక్కువ ప్రమాదం’ కింద నమోదు లేకుండానే అమ్మనిస్తారు. అంటే అవి పనిచేస్తాయని ఈపీఏ పరిశీలించి చెప్పినట్టు కాదు.

‘సహజం’ అన్న మాట చూసి కొనకండి. సీసా మీద ఈపీఏ రిజిస్ట్రేషన్ నంబరు ఉందా, దోమకు ఎన్ని గంటలు, పిడుదుకు ఎన్ని గంటలు అని చదవండి. ఇంటికి రాగానే పిల్లల మోకాళ్ల వెనక, చెవుల చుట్టూ, జుట్టులో వెతకండి.