ములికి కదలకూడదు

అమెరికాలో విల్లుతో వేటాడేవాళ్ల మధ్య ముప్పై ఏళ్లకు పైగా ఒక తగాదా తెగడం లేదు. బాణం కొనకు ఏ ములికి పెట్టాలి? అలుగులు బిగించి ఉండి ఎటూ కదలని ములికా? గాలిలో పోతున్నంతసేపూ అలుగులు ముడుచుకుని, జంతువుకు తగలగానే విచ్చుకునే ములికా? మొదటిదాన్ని ఫిక్స్‌డ్ బ్లేడ్ అంటారు. రెండోదాన్ని మెకానికల్ అంటారు.

వాళ్ల తగాదాతో మనకేం పని అని అడిగేవాళ్లుంటారు. పని ఉంది. ఆ వీడియోలు మన కుర్రాళ్ల ఫోన్లలోకి వచ్చేశాయి. రెండంగుళాల వెడల్పున విచ్చుకునే ములికిని అందులో చూసి, ఇంటికొచ్చి తాత చూరులో దోపిన అంబును చూసి, "మనది మొరటుది" అంటున్నారు. మైదానం వాళ్లు ఆ మాట ఎప్పటినుంచో అంటూనే ఉన్నారు. ఇప్పుడు మన పిల్లల నోటే వస్తోంది. అందుకే రాయాల్సి వచ్చింది. నా మాట ముందే చెబుతున్నాను: ఈ తగాదాలో కదలని ములికిదే న్యాయం. అది మనది కాబట్టి, పాతది కాబట్టి అనడం లేదు. దాని పనిని బట్టి అంటున్నాను.

ఇంకో సంగతి కూడా తేల్చుకుందాం. ఇది ఎవరినీ వేటకు పొమ్మని రాసింది కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నేరం చేసింది. 2006 అటవీ హక్కుల చట్టం మనకు చాలా హక్కులు రాసిచ్చి, వేట హక్కును మాత్రం పేరు పెట్టి మినహాయించింది. ఇటుకల పండుగకు మగవాళ్లు విల్లంబులు పట్టి కొండెక్కే ఆనవాయితీ ఉన్నచోట కూడా చట్టం చట్టమే. వేట పోయినంత మాత్రాన వేట నేర్పిన తెలివి కూడా పనికిరానిదైపోదు. ఆ తెలివి గురించే ఈ మాటలు.

అసలు బాణం ఎలా చంపుతుంది? తుపాకీ తూటాలాగా అదిరిపోయే దెబ్బ కొట్టదు. కోస్తుంది. ఊపిరితిత్తులనో గుండెనో కోసి, నెత్తురు పోయేలా చేసి చంపుతుంది. కాబట్టి ములికికి రెండే పనులు: పదునుగా ఉండాలి, లోతుగా దిగాలి. అవతలి పక్కకు దూసుకుపోతే ఇంకా మేలు. రెండు గాయాలవుతాయి, కింది గాయం నుంచి నెత్తురు నేలమీద పడుతుంది, జాడ దొరుకుతుంది. జంతువు త్వరగా చస్తుంది, బాధ తక్కువ పడుతుంది. ఏ ములికిని తూచాలన్నా ఈ తూకంలోనే తూచాలి.

మెకానికల్ వైపు వాళ్ల వాదనలో బలం లేదని అనను. అలుగులు ముడుచుకుని ఉంటాయి గనుక గాలి పట్టదు, బాణం గురికి సాధన చేసే మొనలాగే తిన్నగా పోతుంది. విచ్చుకున్నాక గాయం వెడల్పు. బిగింపు ములికి కోసేది అంగుళం, అంగుళంపావు అయితే ఇది రెండంగుళాలు కోస్తుంది. మేరీల్యాండ్‌లోని ఒక నౌకాదళ స్థావరంలో ఏళ్ల తరబడి పెట్టిన లెక్కల్లో, బాణం తగిలిన జింకల్లో వేటగాడికి దొరికినవి మెకానికల్ వాడినవాళ్ల దగ్గరే ఎక్కువ వంతు తేలాయి. ఈ లెక్కను దాచిపెట్టి వాదించడం నాకు ఇష్టం లేదు.

అయితే ఆ లెక్క ఎవరిదో చూడండి. కాంపౌండ్ విల్లు, క్రాస్‌బో పట్టినవాళ్లది. కాంపౌండ్ విల్లంటే కప్పీలున్న యంత్రం. అరవై డెబ్బై పౌన్ల బరువు లాగి, లాగాక అందులో కొంతే చేతిమీద పెట్టుకుని, ఇరవై ఆరు గ్రాముల బాణాన్ని సెకనుకు 85 మీటర్ల వేగంతో పంపుతుంది. ఆ బలం ముందు అలుగులు విప్పడానికి పోయే కాస్త ఊపూ లెక్కలోకి రాదు. వేటాడింది తెల్లతోక జింకను, సన్నటి పక్కటెముకల జంతువును. అదే ములికిని నలభై పౌన్ల విల్లుకు పెట్టి చూడండి. అమెరికాలో చిన్నపిల్లలు, చాలామంది ఆడవాళ్లు, వట్టి కర్ర విల్లు పట్టేవాళ్లు లాగేది దాదాపు అంతే. ఉన్న కొద్దిపాటి ఊపులో కొంత అలుగులు విప్పడానికి పోతే, మిగిలింది రెండంగుళాల వెడల్పును ముందుకు తొయ్యలేక సగంలో ఆగిపోతుంది. ఇక అడవిపంది భుజం మీదా, ఎల్క్ లాంటి పెద్ద దుప్పి భుజపుటెముక మీదా సంగతి చెప్పనే అక్కర్లేదు.

రెండో సంగతి ఏటవాలు దెబ్బ. జంతువు ఎప్పుడూ బల్ల మీద పెట్టిన బొమ్మలా అడ్డంగా నిలబడదు. ఒక అలుగు ముందు తగిలి, రెండోది ఆలస్యంగా తగిలితే బాణం పక్కకు తిరుగుతుంది. రబ్బరు చుట్టో ప్లాస్టిక్ పట్టీయో పట్టి ఉంచిన అలుగులు కొమ్మ తగిలి దారిలోనే విచ్చుకోవచ్చు, అసలు విచ్చుకోకనూ పోవచ్చు. ఇప్పటివి మునుపటికంటే మెరుగన్నది నిజమే. అయినా కదిలే భాగం ఉన్నచోట చెడిపోయే చోటు కూడా ఒకటి ఉంటుంది. దక్షిణాఫ్రికాలో 1980లలో పెద్ద జంతువుల మీద బాణాలను పరీక్షించిన ఎడ్ ఆష్‌బీ, బాణం లోతుగా దిగడానికి కావలసినవన్నీ వరసగా పేర్చి, బాణమూ ములికీ చెక్కుచెదరకుండా ఉండడాన్ని మొదట పెట్టాడు. వంగిన ములికికి పదునుండి లాభం లేదు. ఈ మాట మన కమ్మరి కొలిమి దగ్గర కొత్త కాదు. ఆకులా పొడుగ్గా, సన్నగా సాగగొట్టి, తోకను వెదురు బొంగులోకి దిగ్గొట్టి, నారతో బిగించి కట్టిన ఇనుప ములికిలో విరిగేదేముంది, విప్పేదేముంది?

మూడోది దూరం. అసలు బేరం ఇక్కడే ఉంది. "గాలి పట్టదు, తిన్నగా పోతుంది" అని చెప్పి అమ్ముతున్నది నిజానికి దూరాన్నే. ఇరవై మీటర్లకు వెళ్లాల్సినవాడు నలభై నుంచే వదలొచ్చని ఆశ పెడుతున్నారు. లెక్క చూద్దాం. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. బాణం 85. నలభై మీటర్ల దూరాన నిలబడ్డ జింకకు అల్లెతాడు మోత ముందు వినబడి, ఆ తర్వాత సెకనులో మూడో వంతు గడిచాక గానీ బాణం చేరదు. ఆ లోపల జింక దూకడానికి కాళ్లు ముడిచి ఒళ్లు దించుతుంది. బెత్తెడు దిగినా చాలు, ఊపిరితిత్తులకు వెళ్లాల్సిన బాణం వీపుకు తగులుతుంది. ఇరవై మీటర్ల దగ్గర ఆ వ్యవధి సగానికి సగం తగ్గుతుంది. ఏ ములికీ ఈ లెక్కను మార్చలేదు. దగ్గరికి వెళ్లడమొక్కటే మారుస్తుంది. గాలి వాలు చూసుకోవడం, ఆకు చప్పుడు కాకుండా అడుగు వెయ్యడం, జంతువు తల వంచి మేసేదాకా ఊపిరి బిగబట్టి నిలబడడం, కుదరకపోతే వదిలేసి తిరిగి రావడం. ఇది దుకాణంలో దొరకదు.

బిగింపు ములికి గాలి పడుతుందనే ఫిర్యాదు కూడా నిజమే. ఎందుకు పడుతుంది? బాణం ఊగుతూ విల్లు విడిచితే పడుతుంది. బాణానికీ విల్లుకీ పొందిక కుదరకపోతే పడుతుంది. అమెరికాలో శ్రద్ధ ఉన్న వేటగాళ్లు చట్రానికి బిగించిన కాగితం గుండా బాణం వేసి, చిరుగు ఎటు పడిందో చూసి విల్లు సరిచేసుకుంటారు. మన పెద్దలు బాణాన్ని కంటి ముందు పెట్టి తిప్పి చూసి, వంకర ఉన్నచోట నిప్పు సెగ చూపించి సాపు చేస్తారు. పని ఒకటే. బిగింపు ములికి నీ తప్పును నీకు అక్కడికక్కడే చూపిస్తుంది. మెకానికల్ ఆ తప్పును గాలిలో కప్పిపెట్టి, జంతువు ఒంటి దగ్గరకు తీసుకెళ్లి బయటపెడుతుంది. మెకానికల్‌తో నా పేచీ అంతా ఇదే. నేర్చుకోవాల్సిన బాధ్యత వేటగాడిది. అది తప్పించుకుంటే ఆ ఖర్చు గాయపడి పొదల్లో పడి చచ్చే జంతువు మీద పడుతుంది.

ఈ విద్య అమెరికాకు ఎక్కడిదో కూడా మన పిల్లలకు తెలియాలి. 1911 ఆగస్టులో కాలిఫోర్నియాలోని ఓరొవిల్ ఊరి దగ్గర ఒక మనిషి ఆకలితో ఒంటరిగా దొరికాడు. యాహి తెగ వాళ్లను తెల్లవాళ్లు చంపగా చంపగా మిగిలిన ఆఖరి మనిషి. తన పేరు తన నోటితో చెప్పలేదు. వాళ్ల భాషలో "మనిషి" అని అర్థం వచ్చే ఇషి అన్న మాటనే పేరుగా పెట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో యూనివర్సిటీ మ్యూజియంలో ఉంచారు. అక్కడి డాక్టర్ శాక్స్‌టన్ పోప్ అతని దగ్గర విల్లు చెయ్యడం, బాణం వెయ్యడం, వేట నేర్చుకున్నాడు. వేటకు ముందు రోజు ఇషి చేపలు తినడు, పొగ తాగడు. పొద్దున్నే ఏట్లో మునిగి, ఆకులతో ఒళ్లు రుద్దుకుని బయలుదేరతాడు. ఇది రాసిపెట్టింది పోపే. 1916లో ఇషి క్షయతో చనిపోయాడు. 1923లో పోప్ పుస్తకం వచ్చింది. అక్కడి విల్లు వేటగాళ్లకు అది పెద్ద గ్రంథం. 1961లో రికార్డులు రాయడానికి క్లబ్బు పెట్టుకుని పోప్ పేరు, అతని జతగాడు ఆర్ట్ యంగ్ పేరు కలిపి పెట్టుకున్నారు. నేర్పినవాడి పేరు అందులో లేదు. నేర్పినవాడి మెదడు మాత్రం స్మిత్‌సోనియన్ సంస్థ దగ్గర ఉండిపోయి, 2000లో గానీ అక్కడి ఆదివాసుల చేతికి తిరిగి రాలేదు.

ఇషి కొత్తదాన్ని కాదన్నవాడు కూడా కాదు. నల్లటి అగ్నిశిలతో ములుకులు చెక్కే ఆ చేతులే, దొరికితే గాజు సీసా ముక్కతోనూ చెక్కాయి. మనవాళ్లూ అంతే. లారీ కమాన్‌కట్ట ముక్క దొరికితే దాన్నే ములికి చేసుకున్నారు. కొత్త ఇనుము వచ్చింది, కొత్త గాజు వచ్చింది, దగ్గరికి వెళ్లి కొట్టాలన్న నియమం మాత్రం మారలేదు. కాబట్టి మెకానికల్‌ను వద్దంటే వీళ్లు వెనకబడ్డవాళ్లు అనే మాట నా దగ్గర చెల్లదు.

తమ్ముళ్లూ, ఫోన్‌లో ఆ ములికిని చూడండి, తప్పులేదు. చూశాక ఒక పని చెయ్యండి. మీ గూడెంలో విల్లు పట్టిన పెద్దమనిషి ఇంకా ఉంటే వెళ్లి కూర్చోండి. ఎన్ని అడుగుల దూరం నుంచి వదిలేవాడివి తాతా, ఏ పక్కన నిలబడితే వదిలేవాడివి కాదు, తగిలాక ఎంతసేపు ఆగి జాడ పట్టేవాడివి అని అడగండి. చెప్పింది చెప్పినట్టు మన భాషలోనే రాసుకోండి, కింద ఆయన పేరు రాయండి. రేపు ఎవరో వచ్చి నేర్చుకుని పోయి తన పేరు పెట్టుకోకముందే ఆ పని కావాలి.