పోషణ నేర్పని యంత్రవిద్య

నాగోలు నుండి అమీర్‌పేటకు 2017 నవంబరులో మెట్రో రైలు నడక మొదలైన నాటినుండి, ఉప్పల్, హబ్సిగూడ, నాచారం ప్రాంతముల యువకులకు అమీర్‌పేట శిక్షణాలయములకు పోయివచ్చుట మిక్కిలి సుకరమైనది. అయితే అచ్చట క్లౌడ్ పేరిట వారు నేర్చివచ్చు విద్యలో అధికభాగము, అద్దెకు తీసికొన్న ఎవరిదో యంత్రముపై ఒక మీట నొక్కి వర్చువల్ మెషీన్‌ను, అనగా యంత్రములోపల యంత్రమువలె నడచు కృత్రిమ కంప్యూటరును, పుట్టించుట, గడియ తరువాత మరియొక మీట నొక్కి దానిని రూపుమాపుట మాత్రమే. పుట్టించుటకు పెద్ద విద్య అక్కరలేదు. ఏండ్ల తరబడి పోషించుటకే కావలయును. ఆ పోషణ నేర్చుటకు అద్దె సర్వర్ కంటె, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో దొరకు పాత ఆఫీసు కంప్యూటరే తగినదని నా అభిప్రాయము.

ఖరీదైన యంత్రము నొకదానిని పలువురు పంచుకొనవలసిన లేమినుండియే వర్చువల్ మెషీన్ల విద్య జనించినది. ఐబీఎం సంస్థ 1972లో తన పెద్ద కంప్యూటర్ల కొరకు ఆ విద్య గల వీఎం/370 వ్యవస్థను ప్రకటించినది. సామాన్యుని బల్లపై నుండు ప్రాసెసర్లలోనికి ఆ సౌకర్యము 2005, 2006 సంవత్సరములలో ఇంటెల్, ఏఎండీల ద్వారా దిగివచ్చినది. 2007లో ఆ సౌకర్యమును వాడుకొని వర్చువల్ మెషీన్లను నడుపు కేవీఎం లైనక్స్ కెర్నెల్‌లో చేరినది. కావున గడచిన దశాబ్దపు ఆఫీసు కంప్యూటర్లలో దాదాపు అన్నింటను ఆ శక్తి ఉన్నది. బయోస్‌లో దానిని మేలుకొలుపుటయే తరువాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత సహాయము 2025 అక్టోబరు 14తో ముగియగా, విండోస్ 11 చేర్చుకొనని పాత పెట్టెలు కార్యాలయముల నుండి బహిష్కృతములగుచున్నవి. వానిని లైనక్స్ నిరాక్షేపముగ స్వీకరించును.

ఎనిమిది జీబీల మెమరీ గల అట్టి పెట్టెను పుచ్చుకొన్నవాడు మొదట నేర్చునది పొదుపు. ఉప్పల్ కాలనీలలో ఒకే ఇంటిని నాలుగు పోర్షన్లుగ అద్దెకిచ్చిన యజమానికి, మెట్లను ఎందరు వాడుకొన్నను చింత లేదు గాని, సంపులోని నీటికి మాత్రము అనుదినము లెక్క తప్పదు. ఇచ్చట ప్రాసెసర్ ఆ మెట్లవంటిది, మెమరీ ఆ నీటివంటిది. ప్రాసెసర్‌ను ఉన్నదానికంటె ఎక్కువగ పంచినను పనులు వరుసలో నిలిచి మెల్లగనైన సాగును. మెమరీని అట్లు పంచినచో, అది చాలని క్షణమున లైనక్స్ ఏదో ఒక మెషీన్‌ను నిర్దాక్షిణ్యముగ ఆపివేయవచ్చును. మూల వ్యవస్థకు రెండు జీబీలు విడిచి, తెరబొమ్మలు లేని డెబియన్ సర్వర్లకు తలకొక జీబీ కేటాయించినచో, ఒక వెబ్‌సైటు, ఒక డేటాబేస్, ఒక ఫైల్ సర్వర్ సుఖముగ నడచును. విండోస్ ఒకటి ప్రవేశించెనా, సగము మెమరీ దానికే. ఎస్ఎస్‌డీకి అగు ఖర్చునకు మాత్రము వెనుకాడరాదు.

నాచారం పారిశ్రామికవాడలోని చిన్న కర్మాగారముల యజమానులకును ఇది పరాయి విషయము కాదు. ట్యాలీ లెక్కలన్నియు ఒకే ముసలి కంప్యూటరులో చిక్కుకొని, అది చెడిన దినమున బిల్లులు నిలిచిపోవు చోట, ఆ వ్యవస్థను వర్చువల్ మెషీన్‌గ మార్చినచో అది ఫైలు రూపమున ఇంకొక పెట్టెకు తరలగలదు. కాని వేసవి గాలివానకు కరెంటు హఠాత్తుగ పోయినపుడు, యూపీఎస్ లేని యంత్రమున, డిస్కుపై వ్రాత నడుమ తెగినచో, ఒకటి కాదు, అన్ని మెషీన్లును ఏకకాలమున దెబ్బతినవచ్చును. మెషీన్ యొక్క ఆ క్షణపు స్థితిని నిలుపు స్నాప్‌షాట్ తీసికొంటిమి గదా యని నిశ్చింతగ నుండువారు పెక్కురు. అది సాధారణముగ అదే డిస్కుపై నుండునని, డిస్కుతోపాటు అదియు పోవునని, మరచి వదలినచో పెరిగి పెరిగి ఒక రాత్రి డిస్కునే నింపివేయునని వారికి చెప్పువారు లేరు. బ్యాకప్ అనదగినది వేరొక డిస్కుపై, వీలైనచో వేరొక కప్పు క్రింద, ఉండవలెను.

పాత యంత్రములు ఎప్పుడో ఒకప్పుడు మొరాయించునని ఆక్షేపింతురు. నిజమే, నేర్చువానికి అదియే లాభము, ఏలయన అద్దె సర్వర్ విద్యార్థి కనులయెదుట చచ్చుట బహు అరుదు. మన ఇంజనీరింగు కళాశాలలు, పాలిటెక్నిక్‌లు తమ పాత కంప్యూటర్లను తుక్కు దుకాణములకు తూచక, ముగ్గురు విద్యార్థులకొకటి చొప్పున అప్పగింపవలెను. పరీక్షయు వ్రాతపరీక్షగ నుండరాదు: ఉదయము పరీక్షాధికారి వచ్చి, ఆ పెట్టెలోని డిస్కును ఊడదీసి జేబులో వేసికొని, ఖాళీ డిస్కు నొకదానిని చేతికిచ్చును, సాయంకాలమునకు మెషీన్లన్నియు మరల లేచినచో ఉత్తీర్ణత, లేనిచో మరుసటి సెమిస్టరు.