తెర నల్లబడితే కంప్యూటర్ చెడిపోయినట్టేనా?



మన హాస్టళ్లకు కొత్త కంప్యూటర్లు రావడం అరుదు. ఏదో ఆఫీసులో వాడి పక్కన పెట్టినవో, దాతలు ఇచ్చినవో వస్తుంటాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కని యంత్రాలు ఇకమీదట మన గడప ఇంకా ఎక్కువగా తొక్కుతాయి. వాటిని పనికి తెచ్చేది లినక్స్. దానికి డబ్బు కట్టనక్కర లేదు, పాత యంత్రం మీదా నడుస్తుంది. 'స్వేచ్ఛ' కార్యకర్తల కృషితో తెలుగులోనూ వచ్చింది.

అయితే ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఒక గండం ఉంది. పెన్‌డ్రైవ్ పెట్టి మొదలుపెడతాం. అక్షరాలు గబగబా పరుగెడతాయి. అంతలో తెర నల్లబడుతుంది, లేదా 'అవుట్ ఆఫ్ రేంజ్' అని చూపిస్తుంది. అంతే! "చెడిపోయింది, ఎవరూ ముట్టుకోవద్దు" అని గుడ్డ కప్పేస్తారు. పుంగనూరు వాళ్లు మదనపల్లెకు, కుప్పం వాళ్లు బెంగళూరుకు మోసుకుపోవాలంటారు. చార్జీలు ఎవరిస్తారు? చివరికి అది మూలన పడుతుంది. నన్నడిగితే అక్కడ చెడింది యంత్రం కాదు, మన ధైర్యం.

అసలు జరిగేది ఇది. మానిటర్ బొమ్మను గీత వెంట గీతగా గీస్తుంది. 1024×768 తెరకు కనబడని గీతలతో కలిపి సుమారు 800 గీతలు. సెకనుకు 60 సార్లు గీస్తే 48 వేల గీతలు, అంటే 48 కిలోహెర్ట్జ్. 75 సార్లు గీయమంటే 60 కిలోహెర్ట్జ్. 54 దాకా మాత్రమే తట్టుకునే పాత మానిటర్ చేతులెత్తేస్తుంది. తన శక్తి ఎంతో మానిటర్ వీజీఏ కేబుల్‌లోని 12, 15 నంబర్ల సూదుల గుండా కంప్యూటర్‌కు చెబుతుంది. ఆ సూదులు వంగినా, కేబుల్ నాసిరకమైనా ఆ కబురు అందదు. కంప్యూటర్ ఊహించి పంపుతుంది. ఊహ తప్పితే చీకటే.

2000 ప్రాంతంలో లినక్స్ ఎక్కించిన సీనియర్లు ఈ అంకెలను మానిటర్ పుస్తకంలో వెతికి, ఫైలులో చేత్తో రాసేవారు. ఇప్పుడు పని సులువు. ముందు కేబుల్ మార్చి చూడండి. తగ్గకపోతే మొదటి మెనూలో 'ఇ' అక్షరం నొక్కి, 'లినక్స్' అనే మాటతో మొదలయ్యే వరుస చివర ఇంగ్లీషులో నోమోడ్‌సెట్ (ఎన్, ఓ, ఎం, ఓ, డి, ఇ, ఎస్, ఇ, టి) అని రాసి ఎఫ్10 నొక్కండి. సాధారణ తెరతో ఇన్‌స్టాలేషన్ పూర్తవుతుంది. తర్వాత ఆ మాట తీసేసి వీడియో=1024ఎక్స్768@60 అని ఇంగ్లీషులోనే రాసి చూడండి. ఎల్‌సీడీ తెరకు 60 చాలు, కళ్లకు శ్రమ ఉండదు.

వార్డెన్ సార్ తాళం వేస్తే తప్పుపట్టలేం. స్టాకు రిజిస్టరుకు జవాబు చెప్పాల్సింది ఆయనే. కానీ సార్, ఎల్‌సీడీ మానిటర్ తనకు సరిపడని అంకె వస్తే బొమ్మ చూపించదు, అంతే, దాంతో కాలిపోదు. పాత గాజు గొట్టం మానిటర్‌తో మాత్రం జాగ్రత్త. దాని పరిమితి దాటకూడదు, లోపల ప్రమాదకరమైన కరెంటు ఉంటుంది కాబట్టి వెనక మూత అసలే తీయకూడదు.

కుప్పం ప్రాంతానికి కంప్యూటర్ కొత్త కాదు. 2002లోనే హెచ్.పి. సంస్థ అక్కడ ఐ-కమ్యూనిటీ మొదలుపెట్టి, పల్లెల్లో సమాచార కేంద్రాలు పెట్టింది. పెట్టెలు ఎవరైనా ఇవ్వగలరు. వాటిని నడిపే నేర్పు మాత్రం మనమే సంపాదించాలి.

అందుకే నా సూచన: ప్రతి హాస్టల్లో కంప్యూటర్ పక్కన ఒక నోటుపుస్తకం ఉండాలి. మానిటర్ పేరు, దాని పరిమితులు, ఏ అంకెతో తెర వెలిగిందో అందులో రాయాలి. పదో తరగతి వాళ్లు వెళ్లిపోతూ తొమ్మిది వాళ్ల చేతికివ్వాలి. పూర్వ విద్యార్థులారా, పాత కంప్యూటర్ ఇస్తే ఒక మంచి కేబుల్ కూడా ఇవ్వండి, ఒక ఆదివారం వచ్చి నేర్పండి.

'ముట్టుకోవద్దు' అనే మాట మన తాతలు చాలా విన్నారు. కంప్యూటర్ ముందు కూర్చున్న మన తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా అదే వినాలా?