చక్రాలు తిరగని బజ్జీల బండి

మొన్న ఉగాది వెళ్ళిన శుక్రవారం నాడు మన సంఘం వారు రియాదులో ఒక కాంపౌండు లోపల జరిపిన తినుబండారాల సాయంత్రం గురించి ఈ సంచికలో ఎవరో ఒకరు మెచ్చుకుంటూ రాస్తారని మాకు తెలుసు. రాయవలసిందే. ఏర్పాట్లు బాగున్నాయి, పిల్లల పద్యాలు బాగున్నాయి, మైకు కూడా ఈసారి కూయలేదు. మేము రాయబోయేది మెచ్చుకోలు కాదు గనక కార్యవర్గ మిత్రులు ముందే మన్నించాలి. అన్నట్టు, ఆ కార్యవర్గంలో మేమూ ఉన్నాం. అంచేత పడవలసిన అక్షింతలలో మా వాటా మాకు అట్టే పెట్టుకునే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాం.

వచ్చినవారందరికీ ఆ బండి గుర్తుండే ఉంటుంది. ప్లైవుడ్డుతో చేసి, పసుపు రంగు వేసి, పైన రేకు బదులు అట్టముక్క కప్పి, కింద రెండు సైకిలు చక్రాలు మేకులతో బిగించారు. ఆ చక్రాలు తిరగవు. తిరగవలసిన అవసరమూ లేదు, ఎక్కడికీ పోయేది కాదు గదా! దాని మీద బజ్జీల మూకుడు. పక్కన పునుగులు, ఆ పక్కన ముంత మసాలా. ప్లేటు 10 రియాళ్ళు. ఇక్కడే పుట్టిన మన పిల్లలు పచ్చిమిరపకాయ పిండిలో మునిగి నూనెలో తేలడం కళ్ళారా చూసి చప్పట్లు కొట్టారు. పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. కొంత పొగకీ, కొంత జ్ఞాపకానికీ.

గేటు దగ్గర ఇంకొక బోర్డు ఉంది. 'కుటుంబాలకు మాత్రమే' అని తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ రాయించాం. రాయించిన రోజున మాలో ఎవరూ దాన్ని గురించి రెండు నిమిషాలు ఆలోచించిన పాపాన పోలేదు. ఎప్పుడూ ఉండేదే కదా అనుకున్నాం.

ఆ బజ్జీలు వేసినాయన జగిత్యాల దగ్గరి పల్లెటూరి మనిషి. ఇక్కడ ఒక లేబర్ క్యాంపు మెస్సులో వంట చేస్తాడు. వారానికి ఆయనకు సెలవు ఒక్క శుక్రవారం. ఆ ఒక్క సెలవునూ మనకిచ్చి, పొద్దున్నించీ పిండి కలిపి, వెనక గేటులోంచి లోపలికొచ్చి మూకుడు దగ్గర నిలబడ్డాడు. ఆయనతో పాటు రూములో ఉండేవాళ్ళు నలుగురు వచ్చారు. ఉల్లిపాయలు తరిగింది వాళ్ళే, సిలిండరు మోసింది వాళ్ళే. సామాను దింపాక వాళ్ళు ముందు గేటుకు వెళ్ళి టిక్కెట్టు కొనబోతే కాపలావాడు బోర్డు చూపించాడు. మన వాలంటీరొకరు వెళ్ళి, పాపం మర్యాదగానే, కాపలావాడి మాటే ఖాయం చేసి వచ్చారు. ఆ నలుగురూ రోడ్డు పక్క సిమెంటు గట్టు మీద కూచున్నారు.

ఏడు గంటల వేళ ఆయన మమ్మల్ని పిలిచి మెల్లిగా అన్నాడు: "సార్, మా రూమోళ్ళు గేటుకాడ కూసున్నరు. జరన్ని బజ్జీలు పొట్లం కట్టి పంపుండ్రి. పైసలు నా దాంట్ల పట్టుకోండ్రి."

పొట్లం కట్టించాం. పైసలు పట్టుకోలేదు. ఆ తరవాత ఏం చేశామంటే, మళ్ళీ వరసలోకి వచ్చి నిలబడి మా ప్లేటు మేము తిన్నాం. బజ్జీ చాలా బాగుంది.

ఇప్పుడు అసలు మాటకు వస్తాం. మనం జరిపింది వీధి తిండి పండుగ అయితే, అందులో వీధి ఎక్కడుంది?

మేము గుంటూరులో వైద్యం చదువుకున్నాం. సాయంత్రం వార్డు నుంచి బయటపడ్డాక బ్రాడీపేట వైపు నడిచి వెళ్ళి పిడత కింద పప్పు తినేవాళ్ళం. గోదావరి అవతలివారికీ, తెలంగాణా వారికీ తెలియకపోవచ్చు గనక చెబుతున్నాం. మరమరాలు, వేరుశనగ గుళ్ళు, కారప్పూస కుప్పగా పోసి, ఆ కుప్ప నడుమ నిప్పులు వేసిన చిన్న మట్టి పిడతను కూచోబెడతారు. ఆ వేడికి పప్పు మెత్తబడకుండా కరకరలాడుతుంది. అడిగినప్పుడు పిడత కింద నుంచి తీసి, ఉల్లిపాయ ముక్కలు, కారం, నిమ్మరసం కలిపి కాగితం పొట్లంలో పోసి ఇస్తారు. రుచి సంగతి అలా ఉంచండి. ఆ బండి చుట్టూ నిలబడేవాళ్ళు ఎవరు? రిక్షా ఆయన, మిర్చి యార్డులో బస్తాలు మోసి వచ్చిన హమాలీ, చీరల కొట్టు గుమాస్తా, ట్యూషను నుంచి వచ్చే పిల్లలు, మేము. ఒకసారి మాకు పాఠం చెప్పే ప్రొఫెసరు గారు కూడా తల వంచుకుని నిలబడి ఉండగా చూశాం. ముందు వచ్చినవాడికి ముందు పొట్లం. మీరు ఎవరు, కుటుంబంతో వచ్చారా అని ఎవరూ అడగలేదు. గుంటూరులో అన్ని చోట్లా అలా ఉండేదని కాదు, మన ఊళ్ళ సంగతి మనకు తెలియంది కాదు. కాని ఆ బండి దగ్గర మాత్రం అలా ఉండేది. ఆ రుచిలో సగం అదేనేమోనని ఇప్పుడనిపిస్తుంది.

మేము ఈ మాట కార్యవర్గంలో ఎత్తితే మిత్రులొకరు, "డాక్టరువై ఉండి మీరే అలా అంటే ఎలా? ఎవరు పడితే వాళ్ళు వస్తే శుభ్రత ఏం కాను?" అని సెలవిచ్చారు. శుభ్రత అన్నారు గనక ఇక మా వృత్తిలోకి దిగాం.

టైఫాయిడు, కామెర్లు బండి తిండి వల్ల వస్తాయా అంటే వస్తాయి. కాని ఎక్కడినుంచి? నూనెలో సలసల కాగిన బజ్జీలోంచి కాదు. ఆ వేడికి బతికే టైఫాయిడు క్రిమి లేదు. వచ్చేది నీళ్ళలోంచి, ముందే తరిగి పెట్టిన ఉల్లిపాయ ముక్కల్లోంచి, నీళ్ళు కలిపిన పచ్చడిలోంచి, కడగని చేతుల్లోంచి. ఒకే నూనెను రోజుల తరబడి కాచడం, బజ్జీలను అచ్చు వేసిన వార్తాపత్రికలో చుట్టడం, ఇవి నిజంగా తప్పులే. భారతదేశంలో ఆహార భద్రతా సంస్థ రెంటి మీదా ఆంక్షలు పెట్టింది. ఇక్కడ సౌదీలో పాక్షికంగా హైడ్రోజనీకరించిన నూనెలను 2020లో నిషేధించారు. ఇవన్నీ మంచివే. అయితే ఈ జబ్బుల్లో ఒక్కటైనా వరసలో నిలబడ్డవాడి జీతాన్ని బట్టి వచ్చేదేనా?

ఇంకొక మాట. మన ఇళ్ళ నుంచి తలా ఒక వంటకం తెచ్చుకునే విందులున్నాయే, అవి మాకు బజ్జీల బండి కన్నా ఎక్కువ భయం. మధ్యాహ్నం పన్నెండింటికి వండిన పులిహోర, బిర్యానీ అల్యూమినియం ట్రేలలో గోరువెచ్చగా సాయంత్రం ఏడింటి దాకా ఉంటాయి. బాసిల్లస్ సిరియస్ అనే క్రిమి బీజాలు అన్నం ఉడికినా చావవు, ఆ గోరువెచ్చదనంలో మళ్ళీ లేచి విషం తయారు చేస్తాయి. ఆ విషం తిరిగి వేడిచేసినా పోదు. పోయినేడు సంక్రాంతి విందు తరవాత మూడు ఇళ్ళ నుంచి వాంతులని అర్ధరాత్రి మాకు ఫోను వచ్చింది. మరి ఆ మర్నాడు 'కుటుంబాలకు ప్రవేశం లేదు' అని మనం బోర్డు పెట్టామా? కళ్ళ ముందు వేయించి చేతికిచ్చే బజ్జీ, వైద్యశాస్త్రం ప్రకారం చూసుకుంటే, మన ట్రేల కన్నా వెయ్యి రెట్లు మర్యాదస్తురాలు.

ఇక మనం ఉంటున్న దేశం సంగతి చూద్దాం. ఇక్కడ వీధిలో దొరికే తిండిలో ఎంత ఈ నేల మీద పుట్టింది? ముతబ్బక్ అంటే అరబ్బీలో మడత పెట్టినది అని, యెమెను వారు తెచ్చింది. పొద్దున్నే ఫూల్‌తో తినే తమీజ్ రొట్టె అఫ్ఘను పొయ్యిల్లోంచి వచ్చింది. బుఖారీ అన్నం పేరే చెబుతోంది ఎక్కడి నుంచి వచ్చిందో. షవర్మా అనే మాట తురుష్క భాషలోంచి వచ్చింది, 'తిప్పడం' అని దాని అర్థం. తామియా ఈజిప్టు వారిది, ఫావా చిక్కుడు గింజలతో చేస్తారు. మన మసాలా వడకు పెత్తల్లి కూతురు. (ఇక్కడే ఒక వైద్య సలహా: జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలకు ఈ ఫావా గింజలు పెట్టకూడదు, రక్తకణాలు పగిలిపోతాయి. ఈ దేశపు తూర్పు ప్రాంతంలో, అల్ అహ్సా, ఖతీఫ్ వైపు, ఈ లోపం చాలామందిలో ఉంది. మన వాళ్ళలోనూ లేకపోలేదు.) రంజాను రాత్రుల్లో జెద్దా పాతబస్తీలో బండ్ల మీద బలీలా అమ్ముతారు. ఉడకబెట్టిన శనగలకు జీలకర్ర, పుల్లటి ఊరగాయ తగిలిస్తారు. మొదటిసారి తిన్నప్పుడు శ్రావణ శుక్రవారం వాయనపు శనగలు పట్టుకుని అమ్మ ఎదురుగా నిలబడ్డట్టయింది మాకు. సంబూసా సంగతి సరేసరి. పద్నాలుగో శతాబ్దిలో ఇబ్న్ బతూతా ఢిల్లీ తుగ్లకు విందులోనే దాన్ని చూశాడు.

దారి ఒకవైపే కాదు. నిజాము సైన్యంలో చేరడానికి యెమెనులోని హద్రమౌతు నుంచి వచ్చిన అరబ్బులు హైదరాబాదు బార్కస్‌లో స్థిరపడ్డారు. ఆ పేరే 'బారక్సు'కు వాడుక రూపం. వారి హరీసు అక్కడ ఈనాటికీ అమ్ముతారు, హైదరాబాదు హలీముకు ఆ వంశమే మూలం. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మనమంతా పొంగిపోయాం. మరి ఆ వంటకాన్ని మోసుకొచ్చింది ఎవరు? జీతానికి వచ్చిన సిపాయిలు. అందులో చాలామంది ఒంటరిగా వచ్చినవారే. 'అచ్చ తెలుగు సంప్రదాయం' అని మనం బోర్డు మీద రాసుకున్న మిరపకాయ కూడా పదహారో శతాబ్దిలో పోర్చుగీసు వారి వెంట వచ్చిన విదేశీయురాలే. ఆవిడను ఏ గేటు దగ్గరా ఆపలేదు కాబోలు, మన అదృష్టం.

ఇప్పుడు ఆ 'బ్యాచిలర్' అనే మాట. ఈ గల్ఫు దేశాల్లో ఈ మాటకు నిఘంటువులో లేని అర్థం ఒకటి ఉంది. ఊళ్ళో పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి ఉన్నవాడు ఇక్కడ బ్యాచిలర్. ఎందుకంటే అతని ఇకామా మీద రాసిన వృత్తీ, అతని జీతమూ భార్యను తెచ్చుకోవడానికి సరిపోవు గనక. అంటే మన గేటు మీద రాసింది పెళ్ళి సంగతి కాదు, జీతం సంగతి.

ఇది పరాయివాళ్ళ గోడు అనుకునేవారికి ఒక్కటి గుర్తుచేస్తాం. 2017 జులైలో ఈ ప్రభుత్వం మన మీద ఆధారపడినవారికి తలకు నెలకు 100 రియాళ్ళ చొప్పున రుసుము పెట్టింది. ఏడాదికి వంద చొప్పున పెంచుతూ 2020 నాటికి 400 చేసింది. ఆ ఏళ్ళలో మన సభ్యుల్లో ఎందరు భార్యాబిడ్డల్ని విమానం ఎక్కించి వచ్చి, ఖాళీ ఇంట్లో కిచిడీ వండుకున్నారో లెక్క చెప్పమంటారా? ఇంజనీర్లు, మాతోటి డాక్టర్లు, అంతా ఒక్క రాత్రిలో బ్యాచిలర్లైపోయారు. వాళ్ళను మనం ఉగాదికి గేటు దగ్గర ఆపామా? ఆపలేదు. "పాపం, ఒంటరిగా ఉన్నారు" అని ఇళ్ళకు పిలిచి భోజనం పెట్టాం. మరి ఆ గట్టు మీద కూచున్న నలుగురికీ వీరికీ తేడా ఏమిటో ఎవరైనా మాకు రాతపూర్వకంగా తెలియజేస్తే సంతోషిస్తాం.

హోటళ్ళలో కుటుంబాలకొక ద్వారం, ఒంటరి మగవారికొక ద్వారం ఉండి తీరాలన్న నియమాన్ని 2019 డిసెంబరులో ఈ దేశమే తీసేసింది. అంతకుముందు ఆ నియమాన్ని మనం ఎంత వెక్కిరించేవాళ్ళమో! దాన్ని ఈ దేశం వదిలేసింది, మనం పట్టుకు కూచున్నాం.

ఆడవారి ఇబ్బంది అని ఒక మాట వచ్చింది. మా ఇంట్లోనే వచ్చింది. దాన్ని కొట్టిపారేయం. కొత్త మగవాళ్ళు గుంపుగా వస్తే ఎలాగో ఉంటుందన్నారు, నిజమే కావచ్చు. వెకిలిగా ప్రవర్తించినవాణ్ణి బయటకు పంపండి, అతను డాక్టరైనా సరే. టిక్కెట్లు ఇన్నే అని హద్దు పెట్టండి, ముందు కొన్నవారికి ముందు ఇవ్వండి. కాపలా దగ్గర పేర్లు, ఇకామా నంబర్లు రాయించండి. వీటిలో దేనికీ మాకు అభ్యంతరం లేదు. ఇంకా చెప్పని తప్పుకు ముందే శిక్ష వేయడానికే అభ్యంతరం.

ఆస్పత్రిలో వీళ్ళు మా గది తలుపు తీసి, మా పేరు చదివి, "సార్, తెలుగోళ్ళా?" అంటారు. మూత్రపిండంలో రాయితో మెలికలు తిరుగుతున్నవాడు కూడా ఆ మాటకు నవ్వుతాడు. ఎండలో పనిచేసి, నీళ్ళు చాలక వచ్చే జబ్బులతో వస్తారు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు బయట పని నిషేధమైనా, తక్కిన గంటల్లో ఎండ ఎక్కడికీ పోదు గదా. అక్కడ మాకూ వాళ్ళకూ మధ్య భాష ఒక్కటే, మేము తెలుగువాళ్ళం. శుక్రవారం కాంపౌండు గేటు దగ్గరికి వచ్చేసరికి ఆ తెలుగు ఏమైపోతుంది?

రెండు వారాల తరవాత శుక్రవారం సాయంత్రం బత్‌హాకు వెళ్ళాం, ఆ బజ్జీలాయన రూము వెతుక్కుంటూ. ఆ సాయంత్రాలు బత్‌హాలో ఇసక వేస్తే రాలదు. నిజామాబాదు, కరీంనగరు, రాయచోటి, ఢాకా, పెషావరు అన్నీ అక్కడే ఉంటాయి. అయిదుగురు మనుషులకు ఒక గది, ఒక పొయ్యి. మమ్మల్ని మంచం మీద కూచోబెట్టి, ఆయన సర్వపిండి చేశాడు. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, శనగపప్పు, ఉల్లికాడలు కలిపి గిన్నె అడుగుకు ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి కాల్చింది. గట్టు మీద కూచున్న నలుగురిలో ఒకతను మాకు మంచినీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు. ఆ సాయంత్రం సంగతి ఎవరూ ఎత్తలేదు. మేమే ఎత్తబోతే ఆయన, "పోనియ్యుండ్రి సార్, వచ్చే యాడాది గారెలు గూడ ఏద్దాం" అన్నాడు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో మేము ఒక తీర్మానం పెడుతున్నాం. సంఘం జరిపే ఏ కార్యక్రమానికీ 'కుటుంబాలకు మాత్రమే' అనే షరతు ఉండకూడదు. వంట చేసినవారికి ఆ రోజు కూలి సంఘం ఖాతా నుంచి చెల్లించాలి, వారి పేరు వేదిక మీద చదవాలి, వారి వెంట వచ్చినవారికి టిక్కెట్టు ఉండకూడదు. తీర్మానాన్ని బలపరచడానికి ఇంకొక సభ్యుని సంతకం కావాలి. ఇప్పటికి నలుగురిని అడిగాం. ఇద్దరు ఆలోచిస్తామన్నారు, ఒకరు ఊళ్ళో లేరు, ఒకరు ఫోను ఎత్తడం లేదు. కాగితం మా దగ్గరే ఉంది.