ఆర్పి వెలిగించుటకు ముందు

హోసూరు సిప్కాట్ పారిశ్రామికవాడలో, పెద్ద వాహనసంస్థలకు విడిభాగములు చేసి యిచ్చు చిన్న కర్మాగారములలో, నెట్‌వర్కు స్విచ్చు స్తంభించిననాడు మొట్టమొదట వినవచ్చు మాట ఒక్కటే: "అన్నా, ఒకతూరి ఆఫ్ చేసి ఆన్ చెయ్యి." యజమాని తెలుగున చెప్పినను, ఎలక్ట్రీషియను తమిళమున చెప్పినను, బెంగుళూరునుండి ఫోనులో మాటలాడు కాంట్రాక్టరు కన్నడమున చెప్పినను ఆ యుపదేశము మారదు. ప్లగ్గు పీకుదురు, మరల గుచ్చుదురు. నాలుగైదు నిమిషములలో దీపములు పచ్చబడును, బిల్లింగు గదిలో కంప్యూటరు కదలును, లారీకి గేటుపాసు వచ్చును. ఆ యుపశమనమును నేను తప్పుపట్టను. కాని ప్లగ్గు పీకిన క్షణముననే, ఆ యంత్రమేల పడిపోయెనో చెప్పగల సాక్ష్యములో అధికభాగము నశించినదన్న సంగతి ఎవరికిని పట్టదు. కొన్నాళ్లకు అదే స్విచ్చు మరల పడిపోయినప్పుడు అదే మంత్రము మరల పఠింపబడును.

2017 నవంబరులో కృష్ణగిరి జలాశయపు తలుపొకటి విరిగినప్పుడు, విరిగిన యినుము ఎక్కడనో ఒకచోట నుండెను గదా! వెదకినవానికి దొరకును, తుప్పు ఎంత తినివేసినదో చూపును. స్విచ్చు సంగతి అట్టిది కాదు. ఏ పోర్టు పడినది, ఏది లేచినది, ఫ్యాను నిలిచినదా, ఉష్ణోగ్రత హెచ్చినదా అను నిత్యపు చిట్టాను అది సాధారణముగా ర్యాములో వ్రాసికొనును. కరెంటు తీసినతోడనే అది తుడిచిపెట్టుకొనిపోవును. సాఫ్ట్‌వేరు దోషమువలన తనంత తాను కూలునప్పుడు మాత్రము, పేరున్న సంస్థలు చేయు స్విచ్చులు పెక్కు, తామప్పుడు ఏ పనిలో నుండెనో, ఏ యాదేశము నడుచుచుండెనో, మెమరీలో ఏ చోట తొట్రుపడెనో ఒక ఫైలుగా ఫ్లాష్‌లో వ్రాసిపెట్టును. సిస్కోవారు దీనిని క్రాష్‌ఇన్ఫో అందురు; అది యంత్రపు మరణవాఙ్మూలము. అయితే ఫ్లాష్‌లో చోటు లేకున్నను, కూలక కేవలము హ్యాంగై నిలిచిపోయినను, ఆ ఫైలు పుట్టకపోవచ్చును. అప్పుడు మనకు మిగులునది, కేబులుతో యంత్రముతో నేరుగా మాటలాడు కన్సోల్ పోర్టొక్కటే.

వెలుపలినుండి చూచినవానికి పవర్ సప్లై బలహీనపడుటయు, దుమ్ము పట్టి ఫ్యాను ఆగుటయు, సాఫ్ట్‌వేరు తప్పును, తెలియని కుర్రవాడు ఒకే కేబులు రెండు కొనలను ఒకే స్విచ్చులో గుచ్చి లూపు పుట్టించుటయు ఒక్కతీరుననే కనబడును. చికిత్స మాత్రము నాలుగింటికి నాలుగు విధములు. కావున ప్లగ్గు మీద చేయి వేయుటకు ముందు, ఏ దీపము ఏ రంగున నున్నదో సెల్‌ఫోనుతో ఒక ఫొటో తీసి, ల్యాప్‌టాప్‌నకు కన్సోల్ కేబులు తగిలించి, తెరపై వచ్చు ప్రతి పంక్తియు ఫైలులో పడునట్లు చేసి, యంత్రము పలికినచో షో టెక్‌సపోర్ట్ వంటి ఆదేశముతో దాని స్థితినంతయు రాబట్టి, ఆ తరువాతనే రీస్టార్టు చేయవలెను. లేచిన పిమ్మట, చివరిసారి ఏల పడితివని షో వెర్షన్‌తో అడిగి, క్రాష్ ఫైలున్నచో దానిని వేరొక కంప్యూటరునకు కాపీ చేసికొనుటకు ముందు కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కింపరాదు.

గడియారము విషయమొకటి కలదు. టైము సరిచేయని పాత సిస్కో స్విచ్చులు రీస్టార్టైన ప్రతిసారియు 1993 మార్చి 1 నుండి లెక్క మొదలిడును. నిన్న రాత్రి షిఫ్టులో జరిగిన దానికి ముప్పదియేండ్ల నాటి తేదీ వేసిన చిట్టాను చేతబట్టుకొని, జనరేటరు ఎప్పుడు మారెనో, లైను ఎప్పుడు ఆగెనో పోల్చబూనిన యింజనీరు అవస్థ చెప్పనలవి కాదు.

ఆర్పి వెలిగించుట సర్వరోగనివారిణి యని నమ్మువారు 1990 జనవరి 15న అమెరికాలో ఏటీ అండ్ టీ టెలిఫోను వ్యవస్థకు పట్టిన గతి తెలిసికొనవలెను. న్యూయార్కులోని ఒక స్విచ్చు చిన్న దోషమునకు లోనై, తన్ను తాను సరిచేసికొని కొన్ని సెకండ్లలో లేచి, మరల పనిలోనికి వచ్చితినని పొరుగు స్విచ్చులకు సందేశములు పంపెను. అంతకు నెల క్రిందట ఎక్కించిన సాఫ్ట్‌వేరులో, సీ భాషలో వ్రాసిన ప్రోగ్రామునందు చోటు తప్పిన బ్రేక్ అను ఒక్క ఆదేశమువలన, ఆ సందేశములు వెంటవెంట అందిన స్విచ్చులు తామును పడిపోయి, లేచి, తమ పొరుగువానిని పడగొట్టినవి. ఇట్లు 114 స్విచ్చులు తొమ్మిది గంటలసేపు పడుచు లేచుచు నుండెను. లేచుటయే అచ్చట వ్యాధివ్యాప్తికి హేతువు! సందేశముల భారము తగ్గించి గండము గడిపిన పిమ్మట, లక్షణములను పరిశీలించి, పరీక్షాశాలలో దోషమును పట్టుకొనిరి.

"లైను ఆగియుండగా సాక్ష్యమెవనికి కావలెను, నిమిషమునకింత నష్టము" అని యజమానులందురు. న్యాయమే, ఆసుపత్రియైనచో మరియు న్యాయము. ఐనను దానికి ఉపాయము ప్లగ్గు పీకుట కాదు. బీరువాలో ఒక స్పేర్ స్విచ్చును సిద్ధముగా నుంచుకొని, కేబుళ్లను దానిలోనికి మార్చి, పడిపోయినదానిని కరెంటు తీయక అట్లే నిలిపినచో, పనియు సాగును, సాక్ష్యమును మిగులును. చిట్టాను ఎప్పటికప్పుడు వేరొక యంత్రమునకు పంపు సిస్‌లాగ్ ఏర్పాటునకు మూలపడిన పాత కంప్యూటరు చాలును. ఒక స్విచ్చు ఖరీదు పెట్టుటకు వెనుకాడువారు, ఒకే రోగమునకు ఏటికి ఎన్నిసార్లు కాంట్రాక్టరును పిలిచిరో బిల్లులు తీసి చూడవలెను.

చట్టము కూడ ఈ దిక్కుననే యున్నది. సైబరు భద్రత నుద్దేశించి కేంద్రప్రభుత్వ సంస్థయైన సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశములు, కంపెనీలును ప్రభుత్వ సంస్థలును తమ కంప్యూటరు వ్యవస్థల లాగులను 180 దినములు భద్రపరుపవలెననియు, గడియారములను జాతీయ కాలప్రమాణముతో సరిపోల్చుకొనవలెననియు విధించినవి. చిన్న పరిశ్రమలకు గడువు ఆ సంవత్సరము సెప్టెంబరు 25 వరకు పొడిగింపబడినది. గడువు ఎన్నడో తీరినది.

మన ఏఎంసీ (వార్షిక నిర్వహణ) ఒప్పందములలో ఎన్ని గంటలలో నెట్‌వర్కు లేపవలెనో వ్రాసియుండును. ఏల పడెనో చెప్పవలెనని వ్రాసియుండుట అరుదు. అడుగనిదానిని కాంట్రాక్టరు ఏల చెప్పును? హోసూరు, కృష్ణగిరి పారిశ్రామికులకు నా మనవి యిది: రాబోవు ఒప్పందమున, స్విచ్చు పడిన ప్రతిసారియు కన్సోల్ చిట్టాను, క్రాష్ ఫైలును, వ్రాతమూలకమైన కారణమును ఇచ్చినపిమ్మటనే బిల్లు చెల్లింపబడునని ఒక్క పంక్తి చేర్పుడు.