మిరపకారము – దేహభారము

మిరపకారము స్థూలకాయమును కరగించునని మన సంఘపు సంచులపై ముద్రింపవలెనని కొందఱు సభ్యులు కోరుచున్నారు. ఇది తగదని మా యభిప్రాయము.

ఆహారము తగ్గించినపుడు శరీరము తన శక్తివ్యయమును గూడ తగ్గించుకొనును. కారమునకు మూలమగు కాప్సైసిన్ ఈ తగ్గుదలను కొంత యాపునని నెదర్లాండ్సులోని మాస్ట్రిక్టు విశ్వవిద్యాలయమువారు 2013లో ప్రకటించిరి. కాని యా పరీక్ష 36 గంటలది మాత్రమే. అచ్చటివారే 2003లో ప్రకటించిన వేఱొక పరీక్షలో, మితాహారముచే చిక్కినవారికి మూడు నెలలు దినమునకు 135 మిల్లీగ్రాముల కాప్సైసిన్ నొసంగిరి. క్రొవ్వు కొంత హెచ్చుగా దహింపబడెను. అయినను తగ్గిన బరువు మరల పెరుగుట యాగలేదు.

సోదర కర్షకులారా! రుచికై కొన్నవాడు మరల వచ్చును, మోసపోయినవాడు రాడు. బాగుగా నెండిన కాయ, కల్తీలేని కారము, సరియైన తూకము—ఇవియే మన ప్రకటనలు కావలెను.